శంఖాలయంలో పడవవాడు

వజ్రకూట నగరపు సభామంటపంలో అడుగుపెట్టగానే, తాను నిలబడింది నేల మీదో నీటి మీదో మకరందుడికి కాసేపు తెలియలేదు. నేలంతా నీలి స్ఫటికం పరిచి ఉంది. స్తంభాలను అల్లుకున్న బంగారు లతలు, పైకప్పు నుంచి వేలాడే ముత్యాల కుచ్చులు, వరుసగా నిలిచిన వింజామరల వాళ్ళు, అన్నీ ఆ నీలిమలో తలకిందులుగా కదులుతున్నాయి. పుట్టినప్పటి నుంచి మధురానది మీద పడవ నడిపినవాడు కాబట్టి, అతని కాళ్ళు తమకు తెలియకుండానే అలల మీద నిలిచినట్టు కాస్త ఎడంగా నిలిచాయి.

ఎత్తైన సింహపీఠం మీద ఉదయార్క మహారాజు కూర్చుని ఉన్నాడు. వయసులో చిన్నవాడే. ఆయన పక్కన నల్లని పట్టు కప్పుకుని, ఎముకల మీద చర్మం బిగించినట్టున్న ముఖంతో మహామంత్రి దుర్ధరుడు నిలిచి ఉన్నాడు.

"కుముదపురి రాయబారి ఎక్కడ?" అన్నాడు రాజు.

"నేనే, మహాప్రభూ."

సభ అంచుల్లో నవ్వులు మొదలయ్యాయి. కావిరంగు తలపాగా, తెడ్డు పట్టి కాయలు కాసిన అరచేతులు, చేతిలో కొసకు ఇనప పొన్ను బిగించిన పడవగెడ. రాయబారి అంటే ఇలా ఉంటాడని అక్కడెవరూ అనుకోలేదు.

"మీ దేశంలో పండితులు లేరా?" అన్నాడు దుర్ధరుడు.

"ఉండేవారు, అయ్యా. ఈ యుద్ధంలో పోయారు. మా రాజుగారి కొడుకులిద్దరూ సింహాసనం కోసం కొట్టుకున్నన్నాళ్ళూ ఇరుపక్షాల గాయపడ్డవాళ్ళనీ ఒకే పడవలో ఒడ్డుకు చేర్చాను. చివరికి అన్నదమ్ములిద్దరూ పోయారు. వాళ్ళ చెల్లెలు వైశాలినీదేవి రాణి అయింది. రెండు వైపులవాళ్ళూ నమ్మే మనిషి కోసం వెతికితే ఆమెకు నేనే దొరికాను."

నవ్వులు ఆగిపోయాయి.

"ఏం కోరి వచ్చావు?" అన్నాడు రాజు, ఈసారి కాస్త ముందుకు వంగి.

"మా రాణిని రాణి అనండి, ప్రభూ. సరిహద్దు సంత తెరిపించండి. మా పొలాలు పచ్చబడేదాకా మా మీదికి దండెత్తబోమని మాట ఇవ్వండి. అంతే."

దుర్ధరుడు రాజు చెవి దగ్గరికి వంగాడు. మాట మాత్రం సభంతటికీ వినిపించేలా అన్నాడు. "తలుపుల్లేని ఇంటికి కాపలా కాయడం కన్నా ఆ ఇంట్లో దూరడం మేలు, ప్రభూ. మనం వెళ్ళకపోతే మరొకడు వెళతాడు. ఏనుగుల దండు నదీతీరంలో సిద్ధంగా ఉంది."

రాజు చెయ్యెత్తి మంత్రిని ఆపాడు. ఆ పైన ఇలా అన్నాడు. "మా వంశంలో ఒక కట్టుబాటు ఉంది, రాయబారీ. యుద్ధపు గాయం మానని దేశం మా గడప తొక్కితే, అలాంటి దేశాలతో మా పెద్దలు ఏం మాట్లాడారో విన్నాకే బదులు చెప్పాలి. ఆ మాటలన్నీ కొండలోపల శంఖాలయంలో ఉన్నాయి. అడగడానికి వచ్చినవాడే వెళ్ళి తేవాలి. నేను పట్టం కట్టుకున్నాక వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. పొద్దు గూకేదాకా ఎదురు చూస్తాను. నువ్వు రాకపోతే దండు కదులుతుంది."

"వెళ్ళొస్తాను, ప్రభూ," అన్నాడు మకరందుడు, ఏటి అవతలికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

ఆ మాటకు దుర్ధరుడి పెదవి ఒక పక్కకి వంగింది.

కోట వెనక వజ్రకూటగిరి ఆకాశానికి ఆనించిన గొడ్డలిలా నిలిచి ఉంది. సగం ఎత్తున ఒక గుహాముఖం. దాని ఇరువైపులా కొండనే చెక్కి తీర్చిన రెండు మహాగజాలు. మకరందుడు వాటి మధ్యకు చేరాడో లేదో, రాతిచెవులు కదిలాయి. రాతితొండాలు పైకి లేచి ఒకదాని తర్వాత ఒకటి దబ్బున నేల మీద పడసాగాయి. దెబ్బ దెబ్బకీ కొండ గుల్లలా మోగింది. పొడి రాలింది. ముందు వచ్చినవారి కత్తులు, డాళ్ళు అక్కడ రేకుల్లా అణిగిపోయి ఉన్నాయి.

మకరందుడు కళ్ళు మూసుకుని విన్నాడు. ఇద్దరు పడవవాళ్ళు ఎదురెదురుగా తెడ్లు వేస్తే వచ్చే లయ అది. ఒక తొండం లేస్తోంది, రెండోది దిగుతోంది. రెండూ గాల్లో ఉన్న రెప్పపాటు ఒకటి మధ్యలో ఉంది. ఆ రెప్పపాటు కోసం కాచుకుని, గెడను గుండెకు హత్తుకుని, నేల మీద దొర్లుతూ లోపలికి దూసుకుపోయాడు. వెనక పడిన తొండం అతని తలపాగా కొసను రాతిలోకి దిగగొట్టింది. తలపాగా అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఎదుట కనిపించింది చూసి, వేయబోయిన అడుగు ఆపాడు.

కొండ కడుపులో ఒక సరస్సు. నీళ్ళు పాలలా తెల్లగా, ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. పైకప్పులో పొదిగిన రాళ్ళు వాటంతటవే వెలుగుతున్నాయి, పసుపుగా, కెంపుగా, నెమలికంఠపు రంగుగా. ఆ వెలుగంతా నీటిలో కరిగి మళ్ళీ గోడల మీదికి పాకుతోంది. అవతలి గట్టున, కనుచూపు ఆనినంత మేర, గూళ్ళ మీద గూళ్ళు. ఒక్కో గూట్లో ఒక్కో శంఖం. ఆ శంఖాలన్నిటి నుంచీ సన్నని హోరు వస్తోంది, దూరాన ఒక పెద్ద జనసమూహం ఒకేసారి మెల్లగా మాట్లాడుతున్నట్టు.

"వచ్చావా నాయనా," అంది ఒక గొంతు.

రేవు మెట్ల మీద ఒక ముసలమ్మ నిలబడి ఉంది. వెండి జుట్టు, తెల్లని కోక, నడుముకు తాళపుచెవుల గుత్తి. "నేను ఈ శంఖాలయపు భాండారిణిని, మంగళని. నీకు కావలసింది అవతలి గట్టున ఉంది. ఈ పడవ నడపగలవా?"

"అదొక్కటే చేతనయింది, అవ్వా."

ఆమె పడవ ఎక్కింది. మకరందుడు గెడ వేశాడు. పడవ పాలనీటిని చీల్చుకుంటూ సాగింది. సరస్సు మధ్యకు చేరాక అతను గెడ ఆపి నీళ్ళ వైపు చూశాడు.

"ఆపావేం?" అంది ఆమె.

"ఎండుటాకు రాలి పడినా పడవ నాకు చెబుతుంది, అవ్వా. ఒక పక్కకి ఒరుగుతుంది, కాస్త దిగుతుంది. నువ్వెక్కినప్పుడు మాత్రం ఏమీ చెప్పలేదు. బరువు లేని మనిషిని నేనింతవరకూ దాటించలేదు."

ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు మొదలైన గొంతు ఒకటి, ముగిసిన గొంతు వేరొకటి. వెండి జుట్టు పొగై లేచింది. తెల్లకోక మండి నల్లని రెక్కలైంది. గుర్రమంత గబ్బిలం ఒకటి, కళ్ళల్లో నిప్పులు రాజుకుంటూ, పడవ మీద రెక్కలు చాపింది. మకరందుడు గెడ తిప్పి ఇనప పొన్నుతో దాని రొమ్ము మీద పొడిచాడు. ఇనుము తగిలినచోట మాంసం కాలిన వాసన వచ్చింది. గబ్బిలం కీచుమంటూ పైకి లేచి, రెక్కతో సరస్సును ఒక్క చరుపు చరిచి, గుహాముఖం వైపు దూసుకుపోయింది. దాని వెనకే కొండ విరిగిన చప్పుడు. రాతిగజాలు రెండూ కూలి దారి మూసుకుపోయింది.

చరిచినచోట నీళ్ళు గుంటపడ్డాయి. గుంట పెద్దదై సుడి అయింది. చూస్తుండగానే సరస్సంతా తిరగలిలా తిరగసాగింది.

సుడికి ఎదురు తెడ్డు వేసినవాడు మునుగుతాడు. మకరందుడు అది చిన్ననాడే నేర్చుకున్నాడు. పడవను సుడితోపాటే వదిలేసి, అడుగున బోర్లా పడుకుని, రెండు చేతులా అంచులు పట్టుకున్నాడు. పడవ తిరిగింది. వెలుగురాళ్ళన్నీ కలిసి ఒకే రంగుల వలయమయ్యాయి. సుడి వేగం పడవను అంచుకు చేర్చిన క్షణాన లేచి, బలమంతా పెట్టి గెడను ఒక్క తోపు తోశాడు. పడవ రాయి విసిరినట్టు సుడిలోంచి ఎగిరి అవతలి గట్టు మెట్లకు కొట్టుకుని ఆగింది.

మోకాళ్ళ మీద మెట్లెక్కి, మొదటి గూటిని పట్టుకుని లేవబోయాడు. చెవి ఒక శంఖానికి ఆనింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

"యువరాజు మమ్మల్ని కూలిన కోటగుమ్మంలోనే కలుసుకున్నాడు, ప్రభూ. కూర్చోడానికి పీట లేదు. తన డాలు బోర్లించి దాని మీద కూర్చోమన్నాడు. ఇతన్ని రాజుగా గుర్తించమని నా మనవి." దానికి వెనువెంటనే మరో గంభీరమైన గొంతు. "గుర్తించాం. ఆసనాలు పంపకండి, చిన్నబుచ్చుకుంటాడు. వడ్రంగుల్ని పంపండి."

మకరందుడు తడి చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత పక్క గూటికి చెవి ఆనించాడు. అందులో ఒక స్త్రీ గొంతు. "సంధి కుదిరింది. అయినా ఈ ఊరి సంతలో ఇంకా ఎవరూ ఎవరికీ వీపు చూపించి నడవడం లేదు. నన్ను ఇంకొక వానాకాలం ఇక్కడే ఉండనివ్వండి."

దాని పైగూట్లో, బీటలు వారిన బూడిదరంగు శంఖంలో, ఒక ముసలి రాజు గొంతు. "ఆ కొండదేశానికి ధాన్యం పంపుతామని మాట ఇచ్చాం. పంపలేదు. దారిలో మంచు పడేదాకా వాళ్ళు ఎదురు చూశారట. ఈ మాట దాచమని మంత్రులు చెప్పారు. నేను నా నోటితోనే చెప్పి ఉంచుతున్నాను. నా తర్వాత కూర్చునేవాడు వినాలి." ఆ గొంతు వణికింది. వణుకు కూడా శంఖంలో అలాగే నిలిచి ఉంది.

ఇంత గొప్ప రాజ్యం తన తప్పును కూడా ఇంత జాగ్రత్తగా గూట్లో పెట్టి, పసుపు రాసి, దుమ్ము తుడుచుకుంటోందా అనుకున్నాడు మకరందుడు. అప్రయత్నంగా ఆ శంఖానికి దణ్ణం పెట్టాడు.

అప్పుడు కాళ్ళ దగ్గర ఏదో టకటకా కొట్టుకోవడం వినిపించింది. చివరి మెట్టు మీద ఒక నల్లని శంఖం ఉంది. దాని నోటికి లక్క మూసి ఉంది. లోపల్నించి ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు. మకరందుడు గెడ పొన్నుతో లక్క పగలగొట్టాడు. తెల్లని ఆవిరి బయటికి వచ్చి, గట్టు మీద ముడుచుకుని, ఒక ముసలి స్త్రీగా కుదురుకుంది. ఆమె చెయ్యి పట్టి లేపబోతే ఆమె బరువంతా అతని చేతి మీద పడింది. మకరందుడు తృప్తిగా ఊపిరి వదిలాడు.

"అసలు మంగళను నేను," అంది ఆమె దగ్గుతూ. "నీళ్ళు ముంచుకోడానికి అవతలి రేవులోకి దిగినప్పుడు ఆ మాయావి నన్నిందులో మూసి నీళ్ళలోకి విసిరితే, ఈ మెట్టు మీదికి కొట్టుకొచ్చాను. వాడి పేరు కరాళకంఠుడు. బయట దుర్ధరుడని పిలుస్తారు."

"మహామంత్రా?"

"ఆ. ఈ గూళ్ళ దగ్గరికి మాత్రం రాలేడు. ఈ గొంతులు నిజం తప్ప మోయవు నాయనా. తాటాకు మీద రాసిన మాట అబద్ధమైనా అక్షరం తడబడదు. గొంతు అలా కాదు. అందుకే మా పూర్వులు రాయబారుల పలుకుల్ని శంఖాల్లో పెట్టించారు. ఇవి మోగినచోట మాయ నిలవదు."

"మా దేశం మీద వాడికెందుకు కన్ను?"

మంగళ ముఖం చిన్నబోయింది. "మీ రణభూమిలో ఇంకా దహనం జరగని యోధులు ఎంతమంది ఉన్నారు?"

"లెక్క తేలలేదు, అవ్వా. ఇప్పటికీ కట్టెలు కొడుతూనే ఉన్నాం."

"అదే వాడికి కావాలి. ఆ నేల మీద కొత్తగా యుద్ధపు నెత్తురు ఒక్క చుక్క పడితే చాలు, ఆ శవాలన్నీ లేచి వాడి బంట్లవుతాయి. అందుకే ఏనుగుల్ని పంపిస్తున్నాడు."

మకరందుడు గూళ్ళ వైపు చూశాడు. "ఏది తీసుకెళ్ళాలి?"

ఆమె అతన్ని అన్నిటికన్నా కింద, నీటి అంచున ఉన్న గూటి దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో మేకపిల్లంత శంఖం ఉంది. నాచు పట్టి, అంచులు అరిగి, చూడ్డానికి అన్నిటికన్నా పేదగా ఉంది. "వజ్రకూటం పుట్టిననాటి శంఖం ఇది. చెవి ఆనిస్తే ఒక్కరికే వినిపిస్తుంది. ఊదితే లోకమంతా వింటుంది. కానీ ఊదిన శంఖంలో మరి మాట మిగలదు. ఇసకైపోతుంది."

మకరందుడు చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఇంతకాలం దాచుకున్నది. నా చేతుల్లో పోతే?"

"దాచింది దాచడం కోసం కాదు, నాయనా," అంటూ ఆమె తానే ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. ఆ చేతులు మాత్రం శంఖాన్ని వెంటనే వదల్లేకపోయాయి. "వచ్చిన దారి మూసుకుపోయింది. నీళ్ళు పోయే దారి ఒకటుంది. జలపాతమై నది మీద పడుతుంది. నీకు ధైర్యం చాలితే."

"మీరూ రండి."

"ఇన్ని గొంతుల్ని ఒంటరిగా వదిలి ఎక్కడికి రాను? వెళ్ళు."

ఆమె చూపిన సొరంగంలోకి మకరందుడు పడవ నడిపాడు. శంఖాన్ని పైపంచెతో వీపుకు కట్టుకున్నాడు. నీళ్ళు మొదట గుసగుసలాడాయి, తర్వాత అరిచాయి. గెడ అడుగు అందడం మానేసింది. చీకటి, చీకటి, ఆ చివర నాణెమంత వెలుతురు, అది పళ్ళెమంత అయింది, ద్వారమంత అయింది. ఒక్కసారిగా కొండ అయిపోయింది, పడవ కింద ఏమీ లేదు.

పడమటి సూర్యుడు ఎర్రగా ఎదురొచ్చాడు. కింద, చాలా కింద, మధురానది కరిగించిన రాగిలా పారుతోంది. ఒడ్డు పొడవునా ఏనుగులు. వీపున ఎర్రని జూలుగుడ్డలు కప్పుకుని, దంతాలకు ఉక్కు తొడుగులతో, కుముదపురి వైపు మళ్ళి నిలిచి ఉన్నాయి. గడువు ఇంకా తీరలేదు. అయినా గుహదారి కూలిన చప్పుడు విని దండు కదలడానికి సిద్ధమైంది. ముందు ఏనుగు మీద రాజు, పక్క ఏనుగు మీద దుర్ధరుడు. దుర్ధరుడి రొమ్ము దగ్గర పట్టువస్త్రం కాలి ఉంది. అతను ఒక చేత్తో దాన్ని మూసుకుని, రెండో చెయ్యి పైకెత్తి యుద్ధభేరి వాళ్ళకు సైగ చేస్తున్నాడు.

పడవ నీటిగుండంలో పడింది. మునిగింది. ఊపిరి అయిపోయిందనుకున్న క్షణాన పైకి తేలింది. మకరందుడు తడబడుతూ నిలబడి, వీపు నుంచి శంఖం విప్పి, కళ్ళు మూసుకుని ఊదాడు.

భేరీలు ఆగిపోయాయి. శంఖంలోంచి నాదం రాలేదు. ఒక మనిషి గొంతు వచ్చింది. అలసిన గొంతు, పల్లెవాడి గొంతు. అది నది మీద పరుచుకుంది, ఒడ్డెక్కింది, కొండను తాకి మళ్ళీ వచ్చింది.

"నేను వజ్రకూటపు వాణ్ణి. ఇంకా ఏమీ కాదు. అన్నదమ్ములు నరుక్కుని చచ్చిన నేల మీద మాకు బూడిద మిగిలింది. కోట లేదు. పేరు లేదు. మాది దేశమే కాదని చుట్టుపక్కల రాజులంతా అన్నారు. ఈ ఉదయం నది మీద పడవలు వచ్చాయి. కుముదపురి రాజు తానే తెడ్డు పట్టి వచ్చాడు. విత్తనాలు తెచ్చాడు. ఒడ్డు దిగి, 'మీ రాజు ఎవరు?' అని అడిగాడు. మమ్మల్ని అలా అడిగిన మొదటి మనిషి అతనే. ఎవరూ మాట్లాడకపోతే నేను చెయ్యెత్తాను. అతను నాకు నమస్కరించాడు. ఆ నమస్కారంతోనే నేను రాజునయ్యాను. నా వెనక వచ్చేవాడు ఇది మరవకూడదు."

మకరందుడి చేతుల్లో శంఖం పొడిపొడిగా రాలి, తెల్లని ఇసకై నీళ్ళలో కలిసింది. ఒడ్డున ఒక ఏనుగు మోకాళ్ళ మీద కూర్చుంది. దాన్ని చూసి మరొకటి, ఆ వెనక మరొకటి. మావటివాళ్ళెవరూ అంకుశం ఎత్తలేదు. వాళ్ళు కూడా తలలు వంచే ఉన్నారు.

ఉదయార్కుడు ఏనుగు దిగాడు. నది వైపు నడిచి వచ్చి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పడవలో ఉన్న ఆ తడిసిన మనిషికి రెండు చేతులూ జోడించాడు.

"కుముదపురి రాణి వైశాలినీదేవికి వజ్రకూటపు రాజు నమస్కారాలు," అన్నాడు.

మకరందుడు బదులు చెప్పేలోపే ఒడ్డున కేకలు లేచాయి. ఆ గొంతు సోకినచోటల్లా దుర్ధరుడి ఒంటి మీది చర్మం పెచ్చులుగా ఊడుతోంది. నల్లపట్టు చీలి రెక్కలైంది. సైనికులు వేసిన బల్లేలు దాన్ని తాకకుండానే బూడిదయ్యాయి. గబ్బిలం అస్తమయ సూర్యుణ్ణి కప్పేస్తూ లేచి, ఒక్కసారి నది మీద వంగి, మనిషి గొంతుతో అంది.

"సైన్యాల నెత్తురు దొరక్కపోతే ఏం? ఒక్క రాణి నెత్తురు చాలు."

నది వెంబడి, కుముదపురి వైపు, అది నల్లని గీతలా సాగిపోయింది.

మకరందుడికి పైకప్పు లేని రాజభవనం, అందులో కట్టెలమోపులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే వైశాలిని కళ్ళ ముందు మెదిలాయి. ఆమెకు కాపలాగా ఇద్దరు కుంటి భటులు తప్ప ఎవరూ లేరు. గెడ ఎత్తి పడవను ప్రవాహంలోకి తోశాడు.

"ఆగు," అన్నాడు ఉదయార్కుడు. కిరీటం తీసి ఒడ్డునున్న సేనాపతి చేతుల్లో పెట్టాడు. "ఒక్క ఏనుగు కూడా ఆ సరిహద్దు దాటకూడదు. ఒక్క కత్తి కూడా. దాటితే నా మీద దూసినట్టే." చెప్పి, నడుము కత్తి విప్పి నీళ్ళలోకి జారవిడిచి, పడవలోకి ఎక్కాడు. పడవ ఆయన వైపు బాగా ఒరిగింది.

"ప్రభూ, అక్కడ మాకు కూడు కూడా సరిగా లేదు."

"తెడ్డు ఎలా పట్టాలో చెప్పు."

మకరందుడు చూపించాడు. రాజు చేతులు మొదట తడబడి, తర్వాత లయ అందుకున్నాయి. మెలిక తిరిగిన చోట నది ఇరుకైంది, వేగం పెరిగింది. ముందు దూరాన, ఆకాశం ఇంకా ఎర్రగా ఉన్న చోట, నల్లని గీత కిందికి దిగడం మొదలుపెట్టింది. అది దిగుతున్న దిక్కున, దహనం చేసే చేతులు ఇంకా చేరని రణభూమిలో, నెత్తురు చుక్క పడకముందే వాడి రాక పసిగట్టినట్టు, బూడిదరంగు నేల ఒకచోట మెల్లగా ఉబ్బి కదిలింది.

"ఇంకా వేగంగా, ప్రభూ," అన్నాడు మకరందుడు.